ముందు ఏ మూట?

మా మేనమామ డోర్నకల్ జంక్షన్‌లో ముప్పై ఏళ్ళు బుకింగ్ కౌంటర్లో కూర్చుని టికెట్లు కొట్టాడు. ఆయన పోయిన ఆరు నెలలకు అత్తమ్మ నన్ను పిలిపించి ఒక బోర్న్‌విటా డబ్బా, రెండు గుడ్డ మూటలు, తాళం లేని చిన్న ఇనప్పెట్టె నా ముందు పెట్టింది. అప్పుడు ఏప్రిల్ నెల. ఇంటి రేకులు నాలుగు చోట్ల చిల్లులు పడ్డాయి. మిరుగు కార్తె లోపు మార్చాలి, చేతిలో డబ్బు లేదు.

"అల్లుడా, మీ మామ బతికున్నన్ని రోజులు ఇండ్ల ఒక్క బిళ్ళ గూడ అమ్మనియ్యలే. ఇప్పుడు రేకులకు పైసల్ గావాలె. ఏవి ముందు అమ్మాల్నో జెప్పు."

అమ్మాలా వద్దా అని ఆమె అడగలేదు, ఏవి ముందు అని అడిగింది. సేకరణ వారసత్వంగా వచ్చినవాళ్ళు చాలామంది ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసుకుని ఏళ్ళ తరబడి దేన్నీ తేల్చరు. చివరికి అవసరం మెడమీదికి వచ్చిన రోజున డబ్బా మొత్తం తీసుకెళ్ళి దుకాణం బల్ల మీద కుమ్మరిస్తారు. అప్పుడు ఏది ముందో కొనేవాడే నిర్ణయిస్తాడు.

నేనూ ఒకసారి అలాగే చేశాను. మా నాన్న దాచిన పందొమ్మిది వెండి రూపాయల్ని, పేరు చెప్పను, ఒక ఊళ్ళో వెండి దుకాణంలో తూకానికి ఇచ్చేశాను. వాటిలో 1911 సంవత్సరం వేసినది ఒకటి ఉందని మా అక్క రాసిపెట్టిన కాగితం తర్వాత దొరికింది. ఆ ఏడాది రూపాయి మీద ఐదో జార్జి రాజు అంగీపై ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడుతోందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ అచ్చు ఆపేసి, బయటికి వెళ్ళనివాటిని కరిగించి, 1912లో బొమ్మ దిద్ది మళ్ళీ వేసింది. అందుకే 1911 రూపాయి మామూలు దానికి కొన్ని రెట్లు పలుకుతుంది. నేను దాన్ని వెండి ధరకు ఇచ్చాను. దుకాణదారు మోసం చేశాడని అననుగాని, నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ దెబ్బతో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మనకు పూర్తిగా తెలిసినవాటిని ముందు అమ్మాలి. తెలియనివాటిని ఆపాలి. ఏది ఖరీదు, ఏది చవక అన్నది ఆ తర్వాతి మాట. రేపు వెండి ధర పెరిగితే తెలిసిన నాణెం అమ్మినందుకు నష్టపోయేది ఆ తేడా వరకే. తెలియని నాణెం అమ్మితే ఎంత నష్టపోయామో కూడా తెలియదు.

కాబట్టి అత్తమ్మ మూటలు విప్పగానే మేం ధరలు చూడలేదు. పాత దుప్పటి పరిచి, డబ్బా దాని మీద ఒంపి, కుప్పలు పోశాం. మొత్తం 347 నాణేలు.

మొదటి కుప్పకు బుర్ర పెట్టాల్సిన పని లేదు. స్వతంత్ర భారతం వేసినవి 196. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక వేసిన నయాపైసలు, అల్యూమినియం రెండు పైసలు, మూడు పైసలు, తామరపువ్వు ఉన్న ఇత్తడి రంగు ఇరవై పైసలు, ఎమర్జెన్సీ నాటి పావలాలు, ఈమధ్య ఐదు, పది రూపాయల బిళ్ళలు. అత్తమ్మ మనవడు ఫోన్‌లో వీడియో చూసి వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ లక్షలు పలుకుతుందని నమ్ముతున్నాడు. పలకదు. అది కోట్ల సంఖ్యలో వేసిన స్మారక నాణేల జాతి. ఆ కుప్పలో నేను పక్కకు తీసింది రెండే, 1969లో గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయల నాణేలు. ఒక్కోటి 15 గ్రాములు, నూటికి 80 పాళ్ళు వెండి. మిగతావి మనవడికి ఇచ్చేశాం. 25 పైసలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. మిగిలినవి చెల్లుతాయి, ఐస్‌క్రీం కొనుక్కోవచ్చు.

ఆ వీడియోల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పాత నాణెం కొంటామంటూ ముందుగా కమీషను, పన్ను, రిజిస్ట్రేషను ఫీజు కట్టమనేవాళ్ళు దొంగలు. తమ పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక ఇచ్చింది. కొనేవాడు డబ్బు ఇస్తాడేగాని అడగడు. ఇక బియ్యాన్ని లాగే రాగి నాణెం, 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రామపట్టాభిషేకం నాణెం లాంటివి మీ ఇంట్లో ఉన్నాయని ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపించెయ్యండి. కంపెనీ ఏనాడూ అలాంటి నాణెం వెయ్యలేదు. రైస్ పుల్లింగ్ పేరుతో మన జిల్లాల్లో పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు.

రెండో కుప్ప కల్దార్లది.

ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. నిజాం రాజ్యంలో ఇంగ్లీషువాళ్ళ రూపాయిని కల్దారు అనేవారు. నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా. మారకం దాదాపు ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. డోర్నకల్ మీదుగా 1888 నాటికి ఇల్లందు బొగ్గుకు రైలు వేశారు, మరుసటి ఏడాదే ప్రధాన మార్గం బెజవాడ చేరింది. అటు కృష్ణా జిల్లాలో కల్దారు, ఇటు నిజాం ఇలాకాలో హాలీ. అందుకే ఈ జంక్షన్ ఊళ్ళో పాత పెట్టె ఏది తెరిచినా రెండు రకాలూ కలిసే ఉంటాయి. వాటిని విడదీయకుండా తూకం వేయిస్తే ముందే సగం దెబ్బ తిన్నట్టు.

విడదీయడం కష్టం కాదు. కల్దారు మీద రాజుదో రాణిదో తల ఉంటుంది. హాలీ మీద చార్మినార్ ఉంటుంది. బరువులో తేడా ఉంది, వెండిలో తేడా ఉంది. కల్దారు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి సుమారు 91.7 పాళ్ళు, అంటే అరగనిదైతే 10.69 గ్రాముల శుద్ధ వెండి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్ళు, దాంట్లో శుద్ధ వెండి 9.14 గ్రాములే. ఇంకో మెలిక ఏమిటంటే, యుద్ధకాలంలో వెండి కరువై 1940 నుంచి కల్దారులో వెండిని సగానికి తగ్గించారు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయిగాని 1920 నాటి రూపాయికీ 1944 నాటి రూపాయికీ వెండిలో దాదాపు రెట్టింపు తేడా. హైదరాబాదు టంకశాల కూడా ఆ దశకంలోనే తన రూపాయిని సగం వెండికి దించింది. 1947 నాటి రూపాయల్లో అసలు వెండే లేదు, అవి నికెల్. పిల్లల ఆటబొమ్మలోని అయస్కాంతం చాలు, నికెల్ రూపాయి టక్కున అతుక్కుంటుంది, వెండి రూపాయి కదలదు. అత్తమ్మ ఫ్రిజ్ మీద ఉన్న ఏసుప్రభువు బొమ్మ అయస్కాంతంతో ఐదు నిమిషాల్లో తొమ్మిది నికెల్ రూపాయలు ఏరాం.

తులం సంగతి కూడా చూసుకోవాలి. పాత తులం అంటే ఈ కల్దారు బరువే, 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. ఇవాళ మన బంగారం దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములు. దుకాణదారు "తులానికింత" అంటే ముందు ఏ తులమో అడగండి. కాదు, గ్రాముల్లోనే మాట్లాడండి.

సగం వెండివి 14, నికెల్‌వి 9 పక్కన పెడితే అత్తమ్మ దగ్గర మంచి వెండి కల్దార్లు 58 మిగిలాయి. ఇందులో ఏవి ముందు? ఇక్కడ మాకు సాయం చేసినవి రెండు, తాండాల్లోని కంసాలి పనితనం, మా అత్తమ్మ చింతపండు.

డోర్నకల్ చుట్టూ లంబాడ తాండాలు ఎక్కువ. ఆడవాళ్ళు రూపాయలకు కొక్కేలు అతికించి దండలు, జడ గొలుసులు చేయించుకునేవారు. అవసరం పడితే ఒక్కొక్క బిళ్ళ ఊడదీసి అమ్మేవారు, మామ కొన్నవాటిలో అలాంటివి 23. కొక్కెం అతికిన, చిల్లు పొడిచిన నాణేన్ని సేకర్త కొనడు, కొన్నా నామమాత్రపు ధరకే. అది నాణెంగా చచ్చి వెండిగా బతికి ఉంది. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. 1943 నుంచి 47 దాకా వేసిన రాగి పైసాకు, నిజాం రెండు పైల నాణేనికి నడిమధ్యలో గుండ్రటి చిల్లు ఉంటుంది. అది కంసాలి పొడిచింది కాదు, టంకశాల వేసిందే. మా బావమరిది వాటిని కూడా చెడిపోయినవాటిలో వేయబోయాడు.

ఇక చింతపండు. అత్తమ్మ ప్రతి క్రిస్మస్‌కు ఇల్లు కడిగినప్పుడు ఇత్తడి సామానుతో పాటు చేతికందిన రూపాయల్ని కూడా తోమేది. మామ అరిచి ఆపేసరికి 21 తళతళలాడుతున్నాయి. ఆమెకు అవే అన్నిటికంటే విలువైనవి. నిజానికి వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన నలుపు, దాని కింద చెక్కుచెదరని గీతలు, వీటికే సేకర్త డబ్బు ఇస్తాడు. తోమితే నలుపుతో పాటు రాజు కనుబొమ్మ, కిరీటంలోని ముత్యాలు కూడా అరుగుతాయి. ఒక తోమిన రూపాయి, ఒక తోమనిది పక్కపక్కన పెట్టి భూతద్దం ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది. "గీ నల్లది సక్కగుంది" అంది.

కొక్కేలవి 23, తోమినవి 21, మొత్తం 44. వీటి గురించి తెలుసుకోవాల్సింది ఇంకేమీ లేదు. సంవత్సరాలు చూశాం, ఎక్కువ 1912 నుంచి 1920 లోపువి, కోట్లలో అచ్చయినవి. ఆగితే కలిసొచ్చేది లేదు, విడివిడిగా అమ్మితే లాభం లేదు, వెండి ధర తప్ప ఇంకే ధరా రాదు. అంటే ముందు పోవాల్సినవి ఇవే. అరుగుదల తీసేస్తే నాలుగు వందల యాభై గ్రాముల శుద్ధ వెండి లెక్క తేలింది. ఆ రోజు పేపర్లో వెండి ధర చూసుకుని, కాగితం మీద గుణించుకుని, మానుకోటలో మూడు దుకాణాలకు వెళ్ళాం. మొదటివాడు తరుగు నూటికి పది అన్నాడు, మూడోవాడు ఆరు దగ్గర ఆగాడు. మూడోవాడికే ఇచ్చాం, రసీదు తీసుకున్నాం.

రెండో దుకాణంలో ఒక తమాషా జరిగింది. నేను పొరపాటున మంచి వెండి కల్దార్లలో మిగిలిన 14 రూపాయల పొట్లం కూడా సంచీలోనే ఉంచాను. దుకాణదారు అది చూసి, "అవి ఇవ్వండి, పది నేను ఏరుకుంటా, తూకం మీద యాభై ఎక్కువిస్తా" అన్నాడు. అమ్మేవాడు ఒప్పుకోకూడనిది అదే. లాటులో నుంచి ఏరుకోనిచ్చామంటే మంచివి అతనికి, మిగిలినవి మనకు. మర్నాడు ఇంకో దుకాణానికి వెళ్తే మిగిలినవాటికి ఎవరూ చెయ్యి చాపరు. నేను ఇవ్వలేదుగాని అతని వేలు ఏ రెండింటి మీద ఆగిందో చూశాను. ఇంటికి వచ్చి చూస్తే రెండూ విక్టోరియా రాణివి, 1862 సంవత్సరం. ఆ సంవత్సరం అంకెను మార్చకుండా ఏళ్ళ తరబడి అదే అచ్చు వేశారు, తేదీ కింద, పైన చుక్కలు మాత్రం మారాయి. చుక్కల లెక్కను బట్టి ధర మారుతుంది. అంటే ఈ 14 మాకు ఇంకా తెలియనివి. తిరిగి మూటలోకి.

రేకులకు సరిపోను డబ్బు వచ్చింది. అక్కడ ఆగాం. మొదలుపెట్టాం కదా అని మొత్తం ఊడ్చేయాలనిపిస్తుంది, ఆ ఊపే ప్రమాదం. ఎంత కావాలి, ఎప్పటికి కావాలి అన్నవి ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

మూడో కుప్ప గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో అసలు విలువ దాగేది అందులోనే. చార్మినార్ నాణేలు 61. రూపాయలు, ఎనిమిదణాలు, పావలాలు, బేడలు, రాగి పైలు. ఒక రూపాయి చేతిలోకి తీసుకోండి. ఒకవైపు చార్మినార్, చుట్టూ ఉర్దూ లిపిలో నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బిరుదు, 92 అనే అంకె. అక్షరాలకు సంఖ్యలిచ్చే అబ్జద్ లెక్కలో అది ముహమ్మద్ పేరు. చార్మినార్ నడిమి కమాను కింద ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది మీమ్. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ఐన్. ఆయన తొలి నాణేల మీద ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాత పూర్తిగా వచ్చింది. మామూలు కంటికి ఇది గోరంత తేడా, కొనేవాడికి కాదు. తేదీ హిజ్రీలో ఉంటుంది. సున్నా బదులు చుక్క, ఐదేమో మన సున్నాలా కనబడుతుంది. 1343 అని చదివితే అది మన లెక్కలో 1924–25. ఊళ్ళో ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దాయన ఒకరు ఉంటే ఒక సాయంత్రం పిలిచి కూర్చోబెట్టుకోండి. మాకు ఒక రిటైర్డు మాస్టారు దొరికారు, రెండు గంటల్లో అంకెలన్నీ నేర్పారు.

ఈ 61 నాణేలు విడివిడి బిళ్ళలు కావు, వరుస. ఒకే ఏడాది రూపాయి, అర్ధ, పావలా, బేడ నాలుగూ దొరికితే అది సెట్టు. నాలుగింటిలో పావలా ఒకటి అమ్మేస్తే మిగతా మూడూ మామూలు నాణేలైపోతాయి. అందుకే సెట్టును విడగొట్టి ముందు అమ్మొద్దు. పైగా హాలీకి విలువ కట్టగలవాళ్ళు హైదరాబాదులో ఎక్కువ, ఇక్కడి వెండి దుకాణంలో దానికి కల్దారు కంటే తక్కువే ఇస్తారు, వెండి తక్కువ కదా. సైఫాబాదు పాత టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు. ఒకసారి వెళ్ళి ఈ నాణేలు ఎలా వేశారో చూసి రండి. వేలం సంస్థలు, ముంబయిలో తోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటివి, గత వేలాల్లో ఏ నాణెం ఎంతకు పోయిందో ప్రకటిస్తాయి. నాలుగైదు ఫలితాలు చూస్తే ఒక అంచనా వస్తుంది.

నా నియమానికి ఎదురు మాట ఒకటుంది, అదీ సబబే. సేకరణ మొత్తాన్ని ఒకేసారి వేలానికి పంపేటప్పుడు అన్నిటికంటే మంచి నాణేన్ని దాచకూడదు. దాని కోసం వచ్చినవాళ్ళే మిగతావాటికీ పాట పెడతారు. కానీ రేకుల కోసం, ఫీజు కోసం విడతలుగా అమ్ముకునే మనలాంటి ఇళ్ళకు ఆ పద్ధతి సరిపడదు. మంచిదాన్ని ముందు అమ్మేస్తే తర్వాత డబ్బా తెరిచి చూపించడానికి ఏమీ ఉండదు.

తొమ్మిది నాణేలు మిగిలాయి. వాటిలో మూడు సీసపు ముక్కల్లా ఉన్నాయి, ఒక దాని మీద ఏనుగు బొమ్మ ఆనవాలు. కోటిలింగాల, పెద్దబంకూరు తవ్వకాల్లో బయటపడిన శాతవాహనుల నాణేల్లో సీసానివి ఎన్నో ఉన్నాయి, కాబట్టి నేను ఉలిక్కిపడ్డాను. ఇలాంటివి చెలక దున్నుతుంటే దొరికినవైతే అసలు అమ్మే ప్రశ్నే లేదు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్ళు దాటిన ఏ నాణేన్నయినా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం, అమెరికాలో ఉన్న మేనల్లుడు సూట్‌కేసులో పెట్టుకుపోతానన్నా సరే. మామ వాటిని ఎక్కడ కొన్నాడో తెలిపే చీటీ లేదు. అవి పురావస్తు శాఖవాళ్ళకు చూపించేదాకా మూట విప్పేది లేదు.

మిగిలిన ఆరింటిలో ఒకటి 1939 రూపాయి. ఆ ఏడాది వెండి రూపాయి చాలా అరుదు. అదే ఏడాది జనవరి 6న డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌ను ప్రతిష్ఠించారు. మామ ఆ గుడిలోనే బాప్తిస్మం పొందినవాడు, ఆ ఏటి రూపాయి కోసం జీవితమంతా వెతికాడు. దొరికినది తూకం వేస్తే గ్రాము తక్కువ, అంచు మీద పోత గీత. 1939 రూపాయి ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించాల్సిందే, అంకె దిద్దినవి, పోత పోసినవి అన్ని ఊళ్ళలోనూ తిరుగుతున్నాయి. అత్తమ్మకు చెప్పాను. "దొంగదని మీ మామకు గూడ ఎర్కే. అది నా దగ్గర్నే ఉండనియ్" అంది. ఇలాంటి నాణెం ప్రతి పెట్టెలోనూ ఒకటి ఉంటుంది. అమ్మకం మొదలుపెట్టకముందే దాన్ని తీసి బీరువాలో పెట్టెయ్యండి, లేకపోతే ప్రతి లెక్కలోనూ అడ్డం వస్తుంది.

రేకులు మే నెలాఖరుకు పడ్డాయి. ఒక పాత రైల్వే డైరీలో నాణేనికొక వరుస రాస్తున్నాం, బరువు, సంవత్సరం, రెండు వైపులా ఫోటో తీసిన తేదీ. 61 హాలీల్లో 38 పూర్తయ్యాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉంటే ఈ ఆదివారం మూత తీసి, దుప్పటి పరిచి, అయస్కాంతం, భూతద్దం దగ్గర పెట్టుకోండి. చింతపండు మాత్రం వంటింట్లోనే ఉండనివ్వండి.